బొట్టు పెట్టని పిలుపు

ఆర్మూర్‌లో కొత్తింటి గృహప్రవేశానికి అందరినీ వాట్సాప్‌లోనే పిలిచాను. పెర్కిట్‌లో ఉండే మా చిన్నమ్మకూ కార్డు ఫోన్‌కే పంపాను. ఆటోలో పది నిమిషాల దూరం. నీలం టిక్కులు పడ్డాయి గానీ ఆమె రాలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. మర్నాడే వాళ్లింటికి వెళ్లాను.

"కార్డు చూసి గూడ ఎందుకు రాలే చిన్నమ్మా?"

"బొట్టు పెట్టి పిలుస్తవని వారం దినాలు ఎదురుచూసిన బిడ్డా."

గూట్లో కుంకుమ భరిణె పక్కన ఒక డబ్బా ఉంది. నిండా వాళ్ల చేనులో పండిన పసుపు. పిలవడానికి వస్తే, కొత్తింటి గడపకు రాయమని నాకిద్దామని పట్టించి పెట్టిందట.

సిగ్గేసింది. "ఇప్పుడన్న ఇయ్యరాదే," అని చెయ్యి చాపాను.

"ఫోన్ల ఫోటో పంపిస్త తియ్యి," అంది. నవ్వలేదు.