దేవదానం మామ మూడు పైపులు

మొన్న సిరుగుప్పలో పెళ్ళి చూసుకుని వస్తూ బస్టాండు దగ్గర హోటల్లో టిఫిన్ తిన్నాం. చేతులు కడుక్కుంటుంటే వాష్‌బేసిన్ కింద పైపు గుడగుడమంది. నా చెయ్యి దానంతటదే కిందికి పోయి ఆ పైపును పట్టుకుంది. అరచేతి కింద సన్నని వణుకు. "ఏంది నువ్వు? జనం చూస్తాండారు," అని మా ఆయన పళ్ళు నూరాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నాకిది పుట్టుకతో రాలేదు, దేవదానం మామ అంటించిపోయాడు. అయినా పోయేలా లేదు.

ఆయన బళ్ళారిలో మా ఎదురింటాయన. కుడతిని కరెంటు ప్లాంటులో నీటి పంపుల దగ్గర ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆ పంపుల హోరు ఆయన చెవులు రెండూ తినేసింది. కుడిచెవిలో అరిస్తే ఏదో కాస్త అందేది. చర్చిలో పాట ఎక్కడిదాకా వచ్చిందో పక్కవాళ్ళ పెదాలు చూసి తెలుసుకునేవాడు, పాడేది మాత్రం అందరికంటే గట్టిగా.

అప్పటికి నాకు పెళ్ళై రెండేళ్ళు. ఆ ఇంట్లో మంచం నుంచి పోపులడబ్బా దాకా అన్నీ అత్తమ్మ ఎంచినవే. నాది అని చెప్పుకోవడానికి ఉన్నది ముందుగదిలోని చేపల తొట్టి ఒక్కటే. అందులో నిండిన నీళ్ళు అంచు దాటి ఒక పైపులోంచి కింది తొట్టిలోకి దిగేవి. అక్కడ శుభ్రపడ్డాక పంపు వాటిని మళ్ళీ పైకి తోసేది. ఆ దిగడంలోనే వచ్చింది గోలంతా. శుక్రవారం సాయంత్రాలు మా ఇంట్లో ప్రార్థన కూటం జరిగేది. "వాక్యం చదువుతాంటే పక్కన ఎవరో పుక్కిలించినట్టుండాది. వచ్చే శుక్రవారానికి ఇది నోరు ముయ్యకపోతే ఈ ఇంట్లో ఉండేదానికి లేదు," అని అత్తమ్మ తేల్చేసింది. ఆమె అన్నదంటే చేస్తుంది. నాకు ఏడుపొచ్చింది.

ఏడుస్తూనే ఎదురింటికి వెళ్ళాను. మామ వచ్చి చేపల వంక చూడనైనా లేదు. పైపు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. "నీళ్ళు అరవవుమ్మా. నీళ్ళతోపాటు దిగే గాలి అరుస్తాది. ఒక్క పైపుకే అన్ని పనులూ చెప్పినారు, ఇంకేం చేస్తాది పాపం?"

పాతది పీకి మూడు పైపులు పెట్టాడు. మొదటిదానికి వాల్వు బిగించి, గాలి దూరే సందు లేకుండా నిండుగా నీళ్ళు దిగేట్టు చేశాడు. మిగిలిన కాసిని నీళ్ళు రెండోదాని లోపలి గోడను అంటుకుని చప్పుడు లేకుండా జారతాయి. మూడోదాని నోరు వాటికంటే ఎత్తులో, పొడిగా ఉంది. అదెందుకని కుడిచెవిలో అరిచాను. "మొదటిదాంట్లో ఆకో నత్తో అడ్డం పడితే నీళ్ళు ఇల్లెక్కకుండా ఇది కాస్తాది. అంతవరకూ సుమ్మనే ఉంటాది. ఊరికే ఉండేవాళ్ళు కూడా ఇంటికి కావాలమ్మా," అని తన గుండె మీద తట్టుకుని నవ్వాడు.

వాల్వు మాత్రం నాచేతే తిప్పించాడు. వెంట్రుకవాసి తిప్పడం, ఆగడం, అరచెయ్యి ఆనించడం. నేను తొందరపడితే "స్వల్ప తాళమ్మా, నీళ్ళను సర్దుకోనీ" అని చెయ్యి పట్టి ఆపేవాడు. ఉన్నట్టుండి పైపులో వణుకు పోయింది. "నిండు కుండ తొణకదని ఊరికే అన్నారా?" అన్నాడు.

మర్నాడు, గురువారం మధ్యాహ్నం కరెంటు పోయింది. పంపు ఆగేసరికి, నీళ్ళు పైకి తెచ్చే గొట్టంలోంచే వెనక్కి జారి, కింది తొట్టి పొంగి, గదంతా మడుగైంది. అత్తమ్మ పాటల పుస్తకాలు తడిసిపోయాయి. "దేవదానప్పా, ఇన్నేండ్లు కరెంటు తయారు చేసినావే, అది పోతాదని తెలీదా నీకు?" అని ఆమె వీధి అదిరేలా అరిచింది. ఆయన వచ్చి మడుగు వంక చూశాడు. "పంపించేదే తెలుసుమ్మా నాకు. రాకపోయేది ఎప్పుడూ లెక్కలో పెట్టుకోల్యా." అంత కోపంలోనూ అత్తమ్మకు నవ్వొచ్చేసింది.

తప్పు నాదేనంటూ గుడ్డ తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని నేలంతా తుడిచాడు. ఒక పెద్ద మనిషి తన తప్పును తానే తుడవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. తర్వాత పై తొట్టి అడుగున ఉన్న ఆ గొట్టం మూతిని పైకి లేపి, నీటిమట్టానికి కాస్త కిందగా చిన్న రంధ్రం పెట్టాడు. కరెంటు పోయి నీళ్ళు కాస్త దిగగానే ఆ రంధ్రం గాలి పీల్చుకుంటుంది, జారడం ఆగిపోతుంది. "నిన్నంతా గాలిని తరిమితిమి. ఈ పొద్దు దాన్నే పిలిచి కూర్చోబెడతాండాం," అన్నాడు. పంపు ఆపి మూడుసార్లు చూశాం. చుక్క పొంగలేదు.

శుక్రవారం అత్తమ్మ వాక్యం చదివింది. గదిలో ఫ్యాను, ఆమె గొంతు, అంతే. ఆమేన్ అనగానే మామ కనుబొమ్మలెగరేసి నావైపు చూశాడు. కుడిచెవి దగ్గరికి పోయి, "ఏమీ వినపడలేదు మామా!" అని అరిచాను.

"నాకూ అంతేమ్మా!" అని పకపకా నవ్వాడు.

అందరూ నవ్వారు. నాకు మాత్రం కళ్ళు తడిశాయి. తనకు ఎటూ తేడా తెలియని నిశ్శబ్దాన్ని మా కోసం చేసిపెట్టాడు ఆ మనిషి. తొట్టి నిలిచింది. ఆ తర్వాత ప్రతి శుక్రవారం అదే చూపు, అదే కేక, అదే నవ్వు.

ఆయన పోయి రెండేళ్ళైంది. మేం ఇల్లు మారాం, పైపులు అవే. కూటం ముగియగానే పైపు మీద అరచెయ్యి ఆనించి, "ఏమీ వినపడలేదు మామా" అని పైకే అంటాను. మొదట్లో పిల్లలు నవ్వేవాళ్ళు. మొన్న శుక్రవారం వచ్చినవాళ్ళకు టీలు అందించే హడావిడిలో మరిచిపోయాను. అత్తమ్మ బైబిలు మూసి, కళ్ళద్దాలు తీసి నన్ను పిలిచింది.

"దేవదానప్పకు ఇంకా చెప్పలేదేందే? గట్టిగా చెప్పు, ఆయప్పకు వినపడాల గదా."