ఆడిన అనుభవం: లేదు

2019 జూన్ 10, సోమవారం, వనపర్తి క్రీడా మైదానం. హాజరైనవారు: సీనియర్ బాస్కెట్‌బాల్ కోచ్‌గా, ఎంపిక సంఘం కన్వీనర్‌గా నేను, సంఘం సభ్యుడైన వ్యాయామ ఉపాధ్యాయుడు నర్సింలు, కోచ్ ఉద్యోగానికి దరఖాస్తు చేసిన ఇద్దరు (రాష్ట్ర జట్టు మాజీ ఆటగాడు రవీందర్, గద్వాలలో చీరలు నేసే కుటుంబానికి చెందిన పద్మ), శిబిరంలోని బాలికలు. నా డైరీలో ఇలాగే ఉంది.

ఆ నెలాఖరుకు నేను రిటైరవుతున్నాను. భర్తీ చేయవలసింది నా స్థానాన్నే. దరఖాస్తులో ‘ఆడిన అనుభవం’ గడిలో ‘లేదు’ అని ఉంటే అభ్యర్థిని మైదాన పరీక్షకు పిలవకూడదని నియమం. ఆ నియమం రాసింది నేనే. పద్మ పన్నెండేళ్లుగా మ్యాచ్‌లకు స్కోరు రాస్తోంది, కోచింగ్ కోర్సు పూర్తి చేసింది, కానీ ఒక్క మ్యాచూ ఆడలేదు. ఆమె పేరు కొట్టేశాను. అయినా పరీక్ష చూడటానికి వచ్చింది. ఆరోజు స్కోరర్ రాలేదు.

“జర గా స్కోరు బల్ల కాడ కూసో అమ్మా” అన్నాడు నర్సింలు.

“నౌకరి ఇయ్యరు గని పని మాత్రం చెప్తరు” అంటూనే పద్మ పెన్ను తీసింది.

రవీందర్ పరీక్ష మొదలైంది: శిబిరం బాలికలకు లేఅప్ నేర్పి చూపాలి. పరుగున వచ్చి రెండడుగులు వేసి బంతిని బుట్టలో వేయడాన్ని లేఅప్ అంటారు. కుడిచేతి వాటం వారు ఎడమ కాలితో ఎగరాలి. బిజినేపల్లి అమ్మాయి శ్రావణి కుడి కాలితో ఎగిరింది. మూడు వారాలుగా నేను దిద్దుతున్న తప్పే అది. రవీందర్ తాను చక్కగా ఎగిరి చూపించాడు. “గిట్ల ఎగురు బిడ్డా, ఏం భయం?” శ్రావణిని మళ్లీ ఎగరమన్నాడు. మళ్లీ.

“ఆపుండ్రి సార్!” బల్ల దగ్గర పద్మ లేచి నిలబడింది. “పిల్లకు అడుగు తెల్వక కాదు. ఎడమ మోకాలు మీద బరువు ఆపుతలేదు. చీరెల నూలు, పట్టు కలిసే కాడ బిగువు తప్పితే అంచు గుంజుకపోతది. గా కాలు గట్లనే గుంజుతున్నది.”

“ఇది మగ్గం కాదమ్మా” అని నర్సింలు నవ్వాడు.

నేను వెళ్లి శ్రావణి ఎడమ మోకాలి కింద వేలితో నొక్కాను. కేక వేసింది. ఎన్నాళ్లుగా నొప్పి అని అడిగాను.

“నెల అయితుంది సార్. చెప్తే టీంల నుంచి తీసేస్తరని…”

ఇరవై ఏళ్లు ఆడినవాణ్ణి. మూడు వారాలు ఆ కాలితోనే ఎగరమని పట్టుబట్టింది నేనే.

మర్నాడు ఉదయం దవాఖానలో ఎక్స్‌రే తీశారు. మోకాలి కింది ఎముకకు సన్నని పగులు. విశ్రాంతితో అతుకుతుందన్నారు. డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టి, “ఈ కాలుతోని ఎవరు ఎగిరిపిచ్చిండ్రు?” అని అడిగాడు. నేనేనని చెప్పాను.

అక్కడి నుంచి ఆఫీసుకు వెళ్లి, నియమాన్ని సడలించాలని నోట్ రాసి, పద్మను మైదాన పరీక్షకు పిలిచే కాగితం మీద సంతకం చేశాను.

“ఏంది సారూ, ఒక్క మ్యాచ్ ఆడనోళ్లను గూడ పిలుస్తరా?” అన్నాడు నర్సింలు కాగితం చూసి.

ఆట నాకు నా కాళ్ల సంగతి నేర్పింది. ఇంకొకరి కాళ్లను చూడటం వేరే విద్య. అది పద్మ నేర్చుకుంది, నేను నేర్చుకోలేదు.