మాస్టారి దరఖాస్తులు

బందరులో నా పని వెబ్‌సైట్లు కట్టడం. గుడివాడలో మేం చదువుకున్న హైస్కూలు పాత విద్యార్థుల సైటు కూడా నేనే ఊరికే చూసిపెట్టేవాణ్ణి. ఊరికే చేసే పనికి విసుక్కునే హక్కు కాస్త ఎక్కువే ఉంటుందని అప్పట్లో నా అభిప్రాయం.

ఆ సైటుకు కళ తెచ్చింది మా తెలుగు మాస్టారు. రిటైరయ్యాక సొంతూరు ఘంటసాలలో ఉంటున్నారు. రెండేళ్ల క్రితం మతిమరుపు మొదలైతే, రోజూ ఏదో ఒకటి రాస్తూ ఉండమని డాక్టరు చెప్పాడు. మాస్టారు తన దగ్గర చదువుకున్నవాళ్ల గురించి రాయడం మొదలుపెట్టారు. ట్యాబ్ మీద ఒంటివేలితో కొట్టి, మేం కాఫీ తాగే వేళకి ఓ పేజీ పెట్టేసేవారు. కింద మేం జవాబులు రాసేవాళ్లం. నిన్న ఏం రాశారో మర్చిపోయినా, ఆ జవాబులు చదువుకుని మళ్లీ అందుకునేవారు. ఆ రాత ఒక్కటే ఆయన్ని మా మధ్య ఉంచుతోందని నాకు తెలుసు. తెలిసీ చేశాను, అదే నా బాధ.

నేను చేసింది ఇది. ఆ సైటు నడిచే సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే లాగిన్ పేజీ ఇంగ్లీషులో, ఇరుకు అక్షరాలతో ఉండేది. పెద్దవాళ్లు చదవలేకపోతున్నారని దాని టెంప్లేట్, అంటే ఆ పేజీ మూస, నేనే కొత్తగా రాశాను. అక్షరాలు పెద్దవి చేశాను. రిజిస్ట్రేషన్ పేజీలో ఇంటిపేరుకు విడిగా గడి పెట్టాను. చాలామందికి ఈమెయిల్ లేదు కాబట్టి అది అడగడం మానేశాను. ఈమెయిల్ లేకపోతే ‘పాస్‌వర్డ్ మర్చిపోయారా’ అన్న లింకు పనిచేయదు, దాన్నీ పీకేశాను. ఆ చోట నా ఫోన్ నంబరు టైపు చేశాను కూడా. ఇక రోజంతా మోగుతూనే ఉంటుందని చెరిపేశాను. కొత్తగా చేరేవాళ్లకు చివర్లో కనిపించే మాటలు మాత్రం మురిసిపోతూ రాసుకున్నాను: ‘మీ దరఖాస్తు అందినది. అడ్మిన్ గారి ఆమోదం లభించే వరకు దయచేసి వేచి ఉండగలరు.’ ఆఫీసు తెలుగు భలే కుదిరిందనిపించింది.

కొత్త పేజీ పెట్టిన రోజు అందరూ మళ్లీ లాగిన్ అవ్వాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి మాస్టారి రాత రాలేదు. ఒంట్లో బాగాలేదేమో, నెమ్మదిగా రాస్తారులే అనుకున్నాను. ఓ ఫోన్ చేసి ఉండొచ్చు. చేయలేదు.

మూడు నెలలు పోయాక, ముదినేపల్లిలో చేపల చెరువులు చేసే మా క్లాస్‌మేట్ ఫోన్ చేశాడు.

“ఏరా, మాస్టారు నా గురించి రాస్తానన్నారు. అసలు నీ సైటు పనిచేస్తుందా?”

సైటుకేం, బ్రహ్మాండంగా ఉందని విసుక్కుని, ఫోన్ పెట్టేశాక అనుమానమొచ్చి ఆమోదం కోసం ఆగి ఉన్న దరఖాస్తుల జాబితా తెరిచాను. దొంగ ప్రోగ్రాములు ఉత్తుత్తి పేర్లతో వందలకొద్దీ నింపేసే జాబితా అది. నెలకోసారి చూడకుండానే మొత్తం తుడిచేసేవాణ్ణి. ఈసారి చదివాను. ఆ చెత్త మధ్యలో మాస్టారు ఉన్నారు. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఒకచోట పొడి అక్షరం మాత్రమే, ఇంకోచోట ఇంటిపేరు గడిలో ‘తెలుగు పండితులు, రిటైర్డ్’ అని. ఆ ఒక్క నెలలోనే నాలుగు. అంతకుముందు ఎన్ని తుడిచేశానో నాకిప్పటికీ తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఘంటసాల బస్సెక్కాను. మాస్టారి భార్య మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టారు.

“పాస్‌వర్డ్ గుర్తురాలేదు బాబూ. కొత్తగా చేరితే సరిపోతుందనుకుని ఆ పేజీలోనే తన వివరాలు రాసి పంపారు. రోజూ పొద్దున్నే తెరిచి, ఆమోదం వచ్చిందేమోనని చూసుకునేవారు.”

“నాకొక్క ఫోన్ చేయించాల్సింది కదమ్మా.”

“నేనూ అదే అన్నాను. దరఖాస్తు పెట్టాక వెంటపడి అడగడం పద్ధతి కాదే అన్నారు. సర్వీసంతా అంతేగా. ట్రాన్స్‌ఫరుకైనా కాగితం పెట్టి కూర్చోవడమే. రానురాను పెట్టిన సంగతే మర్చిపోయి మళ్లీ పెట్టేవారు. పదిహేను రోజులుగా అదీ లేదు. ఆ ట్యాబ్ ఎవరిదని నన్నే అడుగుతున్నారు.”

నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందు ఆపుకున్నాను. రాసినా రాయకపోయినా ఈ జబ్బు ముదిరేదేనని తర్వాత డాక్టరు అన్నాడు. కావచ్చు. ఆ మూడు నెలలు మాత్రం ఆయనవి. వాటిని నేను లాగేసుకున్నాను.

లోపలికెళ్లి, ఆయన పాత ఖాతాకు కొత్త పాస్‌వర్డ్ పెట్టి, ఆయన రాసిన పేజీలు తెరిచి ట్యాబ్ చేతికిచ్చాను. వాక్యాల కింద వేలు పెట్టుకుని నెమ్మదిగా రెండు పేజీలు చదివారు. ఒకచోట నవ్వుకున్నారు. తర్వాత నా వైపు చూశారు. ముప్పై ఏళ్లుగా నన్ను ‘ఒరేయ్’ అని తప్ప పిలవని మనిషి.

“ఎవరండీ ఇది రాసింది?”

“మా మాస్టారండీ.”

“పిల్లల్ని ఎంత బాగా గుర్తుపెట్టుకున్నాడు,” అన్నారు. “మరి ఆపేశాడేమండీ? ఇంకా రాయమని చెప్పండి.”