నలభై దాటని కారు

మా మామగారు పోయారని మొన్న మంగళవారం పొద్దున హోసూరులో మా పక్కింటికి ఫోన్ వచ్చింది. నాకు ఏడుపు రాలేదు. పోయినవాళ్లను తిట్టకూడదంటారు గానీ, ఆయన గురించి రాయాలంటే ఉన్నదే రాస్తాను.

ధర్మపురిలో ఆయనకు చింతపండు మండీ. బుక్ చేసి ఏళ్లు కాచుకున్నాక తెల్ల కారు ఇంటికొచ్చింది. మొదటి సర్వీసు అయ్యేదాకా వేగం నలభై దాటించొద్దని షోరూమ్ వాళ్లు చెప్పారు. ఆయనకదే వేదం. కొత్త బండని అందరికీ తెలిసేలా వెనకద్దానికి 'రన్నింగ్ ఇన్' అని రాసిన అట్ట కట్టి, భుజం మీది తుండుతో బానెట్ తుడుస్తూ, కొత్త ఇంజను పసిబిడ్డ మాదిరి, పరుగెత్తించకూడదు అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు. మనుషుల మీద ఆయనకు అంత జాలి నేనెన్నడూ చూడలేదు.

ఆ నెలలోనే హరూరులో మా నాన్నకు ప్రాణం మీదికొచ్చిందని కబురు. బస్టాండుకు బయల్దేరిన నన్ను మామగారు గుమ్మంలోనే ఆపారు. ఇంట్లో కారుండగా కోడలు బస్సెక్కితే ఊరు నవ్వుతుందట. సరేనని కారెక్కాను. లారీలు మమ్మల్ని దాటాయి. నేనెక్కాల్సిన హరూరు బస్సూ దాటిపోయింది.

"మామా, కొంచెం జోరుగా పోనీండి. నాన్న కాచుకోని ఉంటాడు."

"ఇంజను పట్టేస్తుంది, అమ్మణ్ణీ. నిదానంగా పోదాం."

సగం దారిలో చింతచెట్టు కింద ఆపి, బానెట్ ఎత్తి, ఇంజను చల్లారేదాకా నిలబడ్డారు. మేం చేరేసరికి నాన్న కాలి బొటనవేళ్లు కలిపి కడుతున్నారు. "ఇంతసేపూ నిన్నే అడిగినాడే," అంది అమ్మ. మామగారు బయట టైర్లకంటిన మట్టి చూసుకుంటున్నారు.

తర్వాత నాకు కారు నడపడం నేర్పింది ఆయనే. కొడుక్కు కూడా ఇవ్వని తాళం నా చేతికిచ్చారు. మేం హోసూరుకు మారినప్పుడు కారే ఇచ్చేశారు. గేరు మార్చే ముందు ఇంజను చప్పుడు వినాలని ఆయన చెబితేనే తెలిసింది, అది కాదనను. కానీ ఆ రోజు గురించి చచ్చేదాకా ఒక్క మాట ఆయన నోట రాలేదు. నేనూ మన్నించలేదు.

మంగళవారం ధర్మపురికి ఆ కారు స్టీరింగు నేనే పట్టాను. శవాన్ని ఎత్తకుండా మనకోసమే కాచుకున్నారు, తొందరగా పోనీ అన్నాడు మా ఆయన. కృష్ణగిరి దాటినా ముల్లును నలభై మీదే ఉంచాను. బస్సులు హారన్ కొట్టుకుంటూ దాటిపోయాయి. మా ఆయన మళ్లీ తొందరపెట్టాడు.

"నిదానంగా పోదాం," అన్నాను.

ఒక చింతచెట్టు కనిపిస్తే దాని కింద ఆపి, బానెట్ ఎత్తి నిలబడ్డాను. ఇంజను ఏమంత వేడెక్కలేదు. అక్కడ ఏడుపొచ్చింది, మా నాన్న కోసం.