పావు డిగ్రీ కోడలు

అబిడ్స్‌లో ఒక మందుల షాపు ఫ్రిజ్ ఇవాళ తన చల్లదనాన్ని సరిగ్గా చూపిస్తోందంటే, ఆ లెక్క మా కోడలికి నేర్పింది నేనే. ఈ మాట నాంపల్లి అంతా చాటాను కూడా.

ఎవరు ఏ అంకె చెప్పినా "దేంట్ల?" అని అడగడం ఆమె అలవాటు. "ఇంకో పది ఆగమ్మా" అంటే, "దేంట్ల మామయ్యా, నిమిషాలా, గంటలా?" అంటుంది.

ఫ్రిజ్‌లోని సెన్సర్‌కు డిగ్రీలు తెలియవు, ఉత్త అంకె పంపుతుంది. దాన్ని డిగ్రీల్లోకి మార్చే డ్రైవర్ ప్రోగ్రామ్ రాయడం ఆమె పని. అది పూర్తి అంకెలే ఉంచుకుంటుంది కాబట్టి, గుణించకముందే భాగిస్తే పావులు, అరలు రాలిపోతాయట. లోపల దాదాపు తొమ్మిదైనా తెర మీద ఎనిమిదే ఉంటుంది, ఎనిమిది దాటితే మోగాల్సిన అలారం మోగదు, ఇన్సులిన్ పాడవుతుంది. నేను పొడుచుకునేది ఆ షాపు ఇన్సులినే.

"పావు డిగ్రీకి ఏమైతదమ్మా? జర నడవనియ్యి" అన్నాడు షాపతను.

"ముందు గుణించి, ఆఖర్ల భాగించాలె అన్నా. గది మా మామయ్య ఒంట్లకు పోయే మందు."

ప్రోగ్రామ్ తిరగరాసి, ఫ్రిజ్ తలుపు తెరిచిపెట్టి, ఎనిమిదింబావు దగ్గర అలారం మోగించి చూపాకే స్టూలు మీంచి లేచింది.

నిజానికి నాకు భాగహారం ఇప్పటికీ రాదు.

"గీ లెక్క పెద్దాయన నేర్పిండంట, ఔనా?" అని షాపతను పక్కనున్న నన్ను చూపిస్తూ నవ్వాడు.

ఆమె నావైపు చూసింది. "ఔ, మామయ్యనే నేర్పిన్రు."

పావు డిగ్రీని పోనివ్వని పిల్ల, నేను చాటిన అంత పెద్ద అబద్ధాన్ని పోనిచ్చింది.