నా తరగతిలో ఇంకొకరి పాఠం

మొన్న జగ్గయ్యపేటలో, మా బడిలో కాంప్లెక్స్ మీటింగ్ పెట్టారు. చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా వచ్చి వెనక బెంచీల్లో కూర్చుంటారు, ఒకరు పాఠం చెప్పి చూపిస్తారు. ఈసారి నందిగామ నుంచి ఒక మాస్టారు వచ్చారు. పిల్లలు మాత్రం నా మూడో తరగతి వాళ్లే. పాఠం ఆయనదే అయినా పరువు నాది. అందుకే బాగా చదివేవాళ్లను ముందు వరసల్లో సర్ది, లెక్కలు రాని పిల్లను చివర్లో, కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ఇలాంటి తెలివితేటలకు నాకేం లోటు లేదు.

ఆ పిల్ల అమ్మానాన్నలు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర దాబాలో పనిచేస్తారు. ఏడాదంతా చెప్పినా తీసివేతలు దాని బుర్రకెక్కలేదు. మొద్దు అని తేల్చేసి, తోటి టీచర్లతో ఆ మాటే అని నవ్వుకున్నాను కూడా.

మాస్టారు నల్లబల్ల జోలికే పోలేదు. పదేసి చీపురు పుల్లలకు రబ్బరు బ్యాండు వేసిన కట్టలు, కొన్ని విడి పుల్లలు బల్ల మీద పెట్టారు. మా బీరువాలోనూ అలాంటివి ఉన్నాయి. పిల్లలు చిందరవందర చేస్తారని నేను బయటికి తీయను.

"నలభై రెండులోంచి పదిహేడు తియ్యాలి. ఎవరొస్తారు?" అన్నారాయన. ముందు వరసంతా చేతులెత్తింది. ఆయన నేరుగా కిటికీ దగ్గరికి వెళ్లి ఆ పిల్లనే తీసుకొచ్చారు.

నాలుగు కట్టలు, రెండు పుల్లలు ముందు పెట్టుకుంది. ఏడు తియ్యాలి, విడిగా ఉన్నవి రెండే. ఒక కట్ట రబ్బరు బ్యాండు పట్టుకుని నా మొహం చూసింది. వదిలేసింది. మళ్లీ పట్టుకుంది, మళ్లీ చూసింది. నేను దానికి ఎదురుగా నిలబడి, అందరి కోసం నవ్వుతూనే దాని వైపు కళ్లెర్రజేస్తున్నాను.

మాస్టారు మెల్లగా అన్నారు. "మేడమ్, ఏమీ అనుకోకండి. మీరు కాస్త పాప వెనక్కొచ్చి నిలబడతారా? మిమ్మల్ని చూసి ఆగిపోతోందండి."

అందరూ విన్నారు. వెళ్లి వెనక నిలబడ్డాను. ఆ పిల్ల కట్ట విప్పింది. ఏడు పుల్లలు తీసేసింది. ఇంకో కట్ట పక్కన పెట్టింది. మిగిలినవి లెక్కపెట్టి "ఇరవై ఐదండీ" అంది.

చప్పట్లు మోగాయి. నాకు తల కొట్టేసినట్టయింది. ఏడాదిగా దాని లెక్కకు అడ్డం నిలబడింది నేనేనని అంతమంది ముందు తేలిపోయింది. ఆ సిగ్గుతోనే ముందుకొచ్చి, "శెభాష్ తల్లీ" అంటూ తల నిమరబోయాను.

నా చెయ్యి లేవడం చూసి ఆ పిల్ల రెండు చేతులూ నెత్తికి అడ్డం పెట్టుకుంది. మొట్టికాయ అనుకుంది. వెనక బెంచీల్లో చప్పట్లు ఆగిపోయాయి.

"ఇంకోసారి కట్ట విప్పను మేడమ్" అంది.