కమాండర్ గారి వీడియో

నిరుడు ఒకరోజు పొద్దున్న నేనుంటున్న పరాయి దేశంలో, విలియమ్స్ ల్యాండింగ్ స్టేషన్‌లో రైలెక్కి, ఫోన్లో ఒక తెలుగు యూట్యూబ్ వీడియో పెట్టుకున్నాను. ఎక్కడో ఒక దేశంలో సాయుధ ముఠాని నడిపిన కమాండర్ ఆ దేశానికే అధ్యక్షుడయ్యాడు. కొండల్లో తుపాకీ పట్టుకుని తిరిగిన మనిషి సూటేసుకుని ప్రమాణం చేస్తుంటే, వెనక హీరో ఎంట్రీకి వేసే మ్యూజిక్కు మోగుతోంది. నాకు తెగ నచ్చేసి, వెంటనే మా ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టాను.

పక్కసీట్లో పూల స్కార్ఫు కట్టుకున్న పెద్దావిడ నా ఫోన్ వైపే చూస్తోంది. "ఇతనిది మా దేశం. ఇతని గురించి ఏం చెబుతున్నారు?" అని ఇంగ్లీషులో అడిగింది.

"ఏమీ లేని స్థితి నుంచి పైకొచ్చాడని చెబుతున్నారు" అన్నాను, ఆవిడ సంతోషిస్తుందనుకుని.

"ఏమీ లేకపోవడమేంటి? మా వీధి ఉండేది. మా ఇల్లుండేది. ఇద్దరు తమ్ముళ్లుండేవాళ్లు. ఇతను వచ్చి వెళ్లాకే ఏమీ లేకుండా పోయింది."

గొంతు పెంచలేదు. బొటనవేలితో తెర మీద ఆ సూటుని మూసి, ముఖం మాత్రం కాసేపు చూసింది. "అప్పుడూ ఇలాగే నవ్వాడు" అంది. ఫుట్‌స్క్రే స్టేషన్‌లో దిగిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ముందు వాడి మీద, తర్వాత ఆ మ్యూజిక్కు వేసినవాడి మీద, ఆ తర్వాత నా మీద. వీడియో తీసేద్దామని గ్రూపు తెరిస్తే, అప్పటికే మావాడొకడు జవాబు రాశాడు.

"మనకీ ఇలాంటోడు ఒకడు రావాలన్నా."